పాలకు భయము, చొంగకు నిర్భయము

పిచ్చికుక్క కరచిన గేదెకు పిచ్చి యెత్తినదని తెలియగానే, దాని పాలు వాడిన ఇండ్లన్నీ హడలిపోవును. అట్టి పాలు వాడరాదన్నది నిజమే. కాని నిన్న కాచి త్రాగినవారు ప్రాణభయము పెట్టుకొననక్కరలేదు. కాగినపుడే వైరస్ నశించును. పచ్చిపాలు త్రాగినవారు వైద్యుని అడుగుట మంచిది.

భయపడవలసిన చోట మాత్రము మనవారికి భయము లేదు. రేబీస్ వైరస్ ఉండునది చొంగలో. పిచ్చి యెత్తిన గేదె మేత మ్రింగలేక చొంగ కార్చుచుండును. గొంతులో ఏదో అడ్డుపడినదని రైతు దాని నోటిలో చేయి పెట్టును. గడ్డి కోయు చేతికి గీతలుండనే ఉండును. పాలు త్రాగిన పదిమందికన్న ఈ ఒక్కనికే ముప్పు. రోగలక్షణములు కనబడిన పిదప బ్రతుకుట అత్యంత అరుదు.

అతడు వెంటనే సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు చేయి కడుగుకొని, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. కారము, సున్నము, ఆకుపసరు పుండును మండించునే గాని రోగము నాపవు. బొడ్డుచుట్టు 14 సూదులన్న భయమింకను కొందరికున్నది. ఆ మందును మన దేశమున 2005 నాటికే మానివేసిరి. ఇప్పటిది చేతికి నాలుగైదు పర్యాయములు వేయుదురు.

గ్రామాధికారులు పాలు త్రాగినవారి పేర్లు వ్రాసికొనుటతో ఆగక, ఆ గేదె నోరు తెరచి చూచినదెవరు, గొట్టముతో మందు పోసినదెవరు అని ముందుగా అడుగవలెను.