ఇంటి చదువు ఎవరి కోరిక?

బీడీలు చుట్టే తల్లి ఒకామె అడిగింది: "సారూ, మా పోరనికి ఆటిజమట. ఇంట్లనే చదువు చెప్పుకోమంటుండ్రు. ఏం జెయ్యాలె?"

వెల్గటూర్ అన్నలారా, అక్కలారా! కూలికి పోయే ఇంట్ల చదువు చెప్పేదెవరు? విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ బహుళ, తీవ్ర వైకల్యమున్న పిల్లలకు ఇంటి చదువు కోరుకునే హక్కు ఇచ్చింది. కోరుకునేది మనం, వెళ్లగొట్టే హక్కు బడికి లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుంటే 6 నుంచి 18 ఏండ్ల దాకా దగ్గరి బడిలో ఉచిత చదువు హక్కే.

చిన్ననాటి అంబేద్కర్‌ను అంటరానోడని గోనెపట్ట మీద విడిగా కూసోబెట్టింది బడే. ఇయ్యాల ఈ పిల్లలను ఇంట్ల కూసోబెడతారా? గోలకు బెదిరే పిల్లగానికి నిమ్మళమైన మూల, బొమ్మలతో పాఠం, ఓపిక కావాలె. అది పంతుళ్లం మేమే నేర్చుకోవాలె.

ఇంటి చదువు బడికి తోడైతే మంచిదే. గొళ్లెమైతే ఒప్పుకోవద్దు.