కెమెరా ముందు కరువు

సినిమాలో సినిమా తీయడం చిత్రలోకానికి కొత్త కాదు. 1952లో వచ్చిన హాలీవుడ్ చిత్రం ‘సింగింగ్ ఇన్ ది రెయిన్’లో మూకీ చిత్రాన్ని టాకీగా మార్చబోయి ఒక స్టూడియో వారు పడే అవస్థలు ప్రేక్షకులను కడుపుబ్బ నవ్వించాయి. 1973లో ఫ్రెంచి దర్శకుడు ట్రూఫో తీసిన ‘డే ఫర్ నైట్’లో షూటింగు ముగియకముందే ఒక ప్రధాన నటుడు కారు ప్రమాదంలో మరణిస్తాడు. అయినా కథను సవరించి, అతని స్థానంలో మరొకరిని నిలబెట్టి, చిత్రాన్ని పూర్తిచేస్తారు. ఎన్ని ఆటంకాలు ఎదురైనా లోపలి చిత్రం ఎలాగో ఒక ఒడ్డుకు చేరడం ఇటువంటి కథలలో తరచు కనిపించే ముగింపు.

మృణాల్ సేన్ ఈ ముగింపును అంగీకరించలేదు. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారంగా 1977లో తెలుగులో ‘ఒక ఊరి కథ’ తీసిన దర్శకుడే ఆయన. 1980లో బెంగాలీలో ‘అకాలేర్ సంధానే’ తీశారు. ‘కరువును వెతుకుతూ’ అని ఆ పేరుకు అర్థం.

1943 నాటి బెంగాలు కరువులో దాదాపు 30 లక్షల మంది మరణించారని అంచనా. ఆ విషాదాన్ని చిత్రించడానికి 1980లో కలకత్తా నుంచి ఒక బృందం హాతుయి అనే పల్లెకు చేరుతుంది. దర్శకునిగా ధృతిమాన్ చటర్జీ నటించారు. నటిగా స్మితా పాటిల్ తన సొంత పేరుతోనే కనిపిస్తారు. బృందానికి కావలసిన సరుకులన్నీ కొనేసరికి ఊరి సంతలో ధరలు మండిపోతాయి. కరువును సినిమా తీయడానికి వచ్చినవారు కొత్త కరువును తెచ్చారని పల్లెవాసులు ఎత్తిపొడుస్తారు.

ఆకలికి తాళలేక శీలం అమ్ముకొన్న స్త్రీ పాత్రకు ఊరిలోనే ఒక యువతిని వెతకబోవడంతో నిప్పు రాజుకొంటుంది. పరువు పోతుందని ఊరి పెద్దలు మండిపడతారు. వారి ఆగ్రహానికి మరొక కారణమూ ఉంది. 1943లో పేదల భూములను కారుచౌకగా కొని బాగుపడినవారి వారసులు ఆ పెద్దలలోనే ఉన్నారు. కెమెరా తవ్వుతున్నది గతాన్నే అయినా, ఆ గతం వారి ఇళ్ళలోనే ఉంది.

చిత్రానికి ప్రాణం దుర్గ. ఆ పాత్రను శ్రీలా మజుందార్ పోషించారు. అవిటి భర్తను, పసిబిడ్డను పోషించుకొనేందుకు ఆమె బృందం దగ్గర పనికి కుదురుతుంది. స్మిత ఆకలిని అభినయిస్తుంది; దుర్గ దానిని అనుభవిస్తున్నది. షూటింగు చూస్తున్న దుర్గకు ఆ నటన నటనగా తోచదు.

చివరకు వృద్ధుడైన బడిపంతులు సలహా మేరకు బృందం కలకత్తాకు తిరుగుముఖం పడుతుంది. మిగిలిన దృశ్యాలను స్టూడియోలో తీసుకోవచ్చు. అక్కడ సంత ఉండదు, ప్రశ్నించే ఊరూ ఉండదు.

1981లో బెర్లిన్ చిత్రోత్సవంలో ఈ చిత్రానికి వెండి ఎలుగుబంటి బహుమతి లభించింది. గతకాలపు ఆకలిపై కన్నీరు కార్చడం సులభమనీ, ఎదుట నిలిచిన ఆకలిని గుర్తించడమే కష్టమనీ ఈ చిత్రం చెబుతుంది. ఆ బృందం 1943 నాటి కరువును వెతుక్కుంటూ వచ్చింది. వారు వెళ్ళిపోయాక తెరపై మిగిలేది దుర్గ ముఖం. బిడ్డ చనిపోయింది, భర్త జాడ లేడు. ఆమె ఒంటరిది.