సరకునకున్న పూచీ మనుష్యునకు లేదా?

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడిమల్లయ్య యని మన పెద్దలు చెప్పుదురు. గల్ఫు దేశములకు పనివాండ్రను బంపు కొన్ని నియామక సంస్థల నడవడి జూచినపుడెల్ల మాకీ సామెతయే జ్ఞప్తికి వచ్చుచున్నది.

సికిందరాబాదులోని ప్రాంతీయ పాసుపోర్టు కార్యాలయమునకు కాగితముల చిక్కు దీర్చుకొన వచ్చువారిలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల యువకులు గలరు. అట్టివారిని విదేశములకు బంపదలచిన సంస్థ 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ననుసరించి ప్రభుత్వమువద్ద నమోదు కావలెను. విదేశీ యజమాని యిచ్చిన అధికారపత్రమును జూపవలెను. జనమును జేర్చుకొనునాడు ఆ పత్రమే వారికి ధ్వజము. "యజమాని మాటయే మా మాట" యని చాటుదురు.

జీతము రాక రిక్తహస్తములతో తిరిగివచ్చినవాడు వ్యాజ్యము తెచ్చిననాడో? రెండు త్రోవలు తొక్కుదురు. "మేము మధ్యవర్తులము మాత్రమే, మాకేమియు దెలియద"నుట మొదటిది. యజమాని తరఫున తామే జవాబు దాఖలుచేసి, "జీతమంతయు ముట్టిన"దని సంతకము చేయుట రెండవది. ఎడారిలోని పనిచోట ఎవని చేతికి ఎంత ముట్టెనో సికిందరాబాదు మేడమీది గుమాస్తా కెట్లు తెలియును? తెలియనివాడు ధ్రువీకరించుట యెట్లు? మొదటి త్రోవలో బాధ్యత లేదు. రెండవ త్రోవలో సత్యము లేదు.

1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు ఈ విషయమున మౌనముగా లేదు. మూడవ ఆర్డరు ప్రకారము అధికారపత్రము గలవాడు కక్షిదారుని బదులు వ్యవహరింపవచ్చును. కాని ఆరవ ఆర్డరు పదునైదవ రూలు ప్రకారము, తాను స్వయముగా నెరిగినదేదో, ఒకరు చెప్పగా నమ్మినదేదో వేరువేరుగా ధ్రువీకరింపవలెను. యజమాని మాత్రమే యెరిగిన సంగతులకు అధికారపత్రధారి సాక్ష్యము చెల్లదని సుప్రీముకోర్టు 2004లో జానకీ భోజ్వానీ వ్యాజ్యమున స్పష్టపరచినది.

"ఇవన్నియు లాంఛనములు; సంతకపు లోపము దిద్దుకొనదగినదని సుప్రీముకోర్టే 1996లో చెప్పలేదా?" యని కొందరు న్యాయవాద సోదరులు ప్రశ్నింపవచ్చును. చెప్పినది, మేమును కాదనము. చేతి పొరపాటును దిద్దవచ్చును. కాని లేని అధికారమును ఉన్నదనుటయు, ఎరుగని సంగతిని ఎరుగుదుమనుటయు పొరపాటులు గావు. అక్షరము రాని పనివాని లోపమును మన్నించు దయను, వకీళ్లను బెట్టుకొనగల సంస్థకు కవచముగా మార్చుట న్యాయమా?

ఇంకొక వింత జూడుడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 230వ సెక్షను ప్రకారము, విదేశవాసియగు వర్తకుని కొరకు సరకు కొన్న లేక అమ్మిన ఏజెంటు, వేరు ఒడంబడిక లేనిచో, తానే బాధ్యుడని భావింపవలెను. మిరపబస్తాకు పూచీ కలదు. మనుష్యుని కష్టమునకు అట్టి పేరుపెట్టిన పూచీ లేదు! యజమానిపై దావా వేయ వీలులేని సందర్భమును గూర్చిన వాక్యమొకటి ఆ సెక్షనులోనే కలదు గాని, దానిని నిరూపించు భారము బీదవాని నెత్తినే పడుచున్నది.

వెట్టి ఒప్పందములపై మన ప్రజలను దీవులకు బంపు పద్ధతి 1917లో ఆగినది. నూరేండ్లు దాటినను, పంపినవాడు చేతులు దులుపుకొను అలవాటు మాత్రము పోలేదు. ఫిలిప్పీను దేశము 1995లోనే, యజమానితోపాటు నియామకసంస్థయు ఉమ్మడిగను విడివిడిగను బాధ్యత వహింపవలెనని శాసించెను. ఆ చిన్న దేశమునకు సాధ్యమైనది మనకేల సాధ్యము కాదు?

మేము కోరునవి మూడు. జనమును జేర్చుకొనుటకు చూపిన అధికారపత్రమే సమనును స్వీకరించుటకును చెల్లవలెను. యజమాని తరఫున జవాబిచ్చు సంస్థ, మన రాయబార కార్యాలయము ధ్రువపరచిన అధికారపత్రమును, స్వయముగా నెరిగినవాని ప్రమాణపత్రమును దాఖలు చేయవలెను. తీర్పు సొమ్మునకు సంస్థయు పూచీ పడవలెను.

పఠనమందిరములలో నీ పుటను జదువు పెద్దలారా! మీ యూరివాడు ప్రయాణమగునాడు ఒడంబడికయొక్కయు అధికారపత్రముయొక్కయు ప్రతులను అడిగి యింట నుంచుకొమ్మని చెప్పుడు. చట్టము మారునంతవరకు ఆ రెండు కాగితములే వాని ఆయుధములు.