చిప్ షేర్లు, పసుపు ధర

మన గ్రూపులో రోజూ ఒకటే మాట: "చిప్ షేర్లు కొనండి, పీఈ తక్కువే, ఇక పెరగడమే." రిటైరైనవాళ్ళకు ఇది చెడ్డ సలహా అని గట్టిగా చెబుతున్నాను.

నాందేడ్‌లో ఉండేవాళ్ళకు పసుపు సంగతి చెప్పాలా? ధర పెరిగిన ఏడు అందరూ పసుపే వేస్తారు. మరుసటి ఏడు యార్డు నిండుతుంది, ధర పడుతుంది. చిప్‌లదీ అదే కథ. పసుపుకు ఎనిమిది తొమ్మిది నెలలు, చిప్ ఫ్యాక్టరీకి రెండు మూడేళ్ళు. కొరత చూసి అందరూ కట్టడం మొదలుపెడతారు, సరుకంతా ఒకేసారి దిగుతుంది.

హైదరాబాదులో పెద్ద ఆఫీసున్న మైక్రాన్‌నే చూడండి. 2022 ఆర్థిక సంవత్సరంలో సుమారు 870 కోట్ల డాలర్ల లాభం. మరుసటి ఏడే 580 కోట్ల డాలర్లకు పైగా నష్టం. షేరు ధరను లాభంతో భాగిస్తే వచ్చేదే పీఈ. లాభం శిఖరాన ఉన్నప్పుడు అది చిన్నదిగానే కనపడుతుంది. చవక అనుకుని అప్పుడే కొంటాం, అక్కడే మునుగుతాం.

"ఈసారి ఏఐ ఉంది కదా" అంటారు. 2021లో చిప్‌లు లేక కార్ల ఫ్యాక్టరీలు ఆగినప్పుడూ గిరాకీకి తిరుగులేదనే అన్నారు. 2023లో శాంసంగే మెమరీ ఉత్పత్తి తగ్గించుకుంది.

అసలు కొనొద్దనను. నష్టాల వార్తలు వచ్చే రోజుల్లో, నిల్వలు తగ్గడం మొదలయ్యాక, అయిదేళ్ళు ముట్టనక్కరలేని డబ్బుతో కొనండి. గ్రాట్యుటీ మాత్రం ముట్టుకోకండి. కొత్త ఫ్యాక్టరీలు ఎన్ని వస్తున్నాయో చెప్పలేనివాళ్ళు టిప్పులు ఫార్వర్డ్ చేయడం మానాలి.

నేను చదివింది అరవంలో. తెలుగులో తప్పుంటే మన్నించండి, లెక్కలో తప్పుంటే చూపించండి.