నీటి లెక్కలు కూలీ జనానికి కనపడాలి

భూగర్భ జలం ఎంత లోతున ఉందో కొలవడానికి రాష్ట్ర ప్రభుత్వం వెయ్యికి పైగా పరిశీలక బోర్లకు యంత్రాలు బిగించింది. ఆ లెక్కలు కంప్యూటరు తెరమీద మండలాలవారీ రంగుల పటాలుగా కనపడతాయి. మంచిదే. కాని గోస్పాడు మండలంలో వరినాట్లకు పోయే కూలీకి ఆ పటం ఏం చెబుతుంది? మండలం సగటు ఇన్ని మీటర్లు అంటుంది. ‘మీటర్లు నాకెందుకు సామీ, రెండో కారుకు మా వూళ్లో ఎన్ని ఎకరాలు నాటు పడతాది, ఎన్నాళ్లు పని దొరుకుతాది?’ అని ఆమె అడుగుతుంది. కౌలురైతుకైతే కౌలు మాట్లాడుకోక ముందే నీళ్ల సంగతి తెలియాలి.

సగటులో మోసం కూడా ఉంది. కె.సి. కాలువ పారే చోట బావుల్లో నీళ్లు పైకి ఉంటాయి, కాలువ అందని మెట్టన పాతాళానికి దిగుతాయి. రెండూ కలిపితే పటంమీద పచ్చరంగు పడుతుంది. ఎండిన బోరు దగ్గర కూర్చున్న మెట్టరైతు ఆ పచ్చదనం చూసి సంతోషించాలన్నమాట!

వేరే దారి లేకపోలేదు. 2003 తర్వాత కొన్నేళ్లు ఉమ్మడి కర్నూలుతో సహా ఏడు కరువు జిల్లాల్లో, నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, రైతులే భూగర్భ జలాన్ని చూసుకునే పథకం నడిచింది. ఆడా మగా కలిసి వాన కొలిచారు, పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం చూశారు, ఆ అంకెలు ఊళ్లో గోడలకు రాశారు. రబీకి ముందు అందరూ కూర్చొని, భూమిలో ఇంకిన నీరెంత, వేయదలచిన పంటలు తాగేదెంత అని జమాఖర్చు కట్టారు. లెక్క కళ్లముందుండేసరికి, ఎవరి హుకుమూ లేకుండానే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్లినవాళ్లున్నారు.

అయితే అది నీటికీ పంటకూ కట్టిన జమాఖర్చు. కూలి దినాల పద్దు అందులో లేదు. డబ్బున్న ఆసామి మరింత లోతుకు బోరు దించితే గోడమీది అంకె ఆపలేదు. ఆపవలసిన 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కాగితాల్లో ఉంది. విదేశీ నిధి ఆగాక ఈ పద్ధతిని రాష్ట్రమంతటా సొంతం చేసుకునే పూచీ పాలకులు తీసుకోలేదు.

యంత్రాలు ఇప్పుడున్నాయి గనుక ఖర్చంతా రంగుడబ్బాదే. మండలం సగటు కాదు, ఊరి బోర్ల మట్టం అడుగుల్లో, పోయినేడు ఇదే నాటి మట్టం పక్కన. వాన మిల్లీమీటర్లతో పాటు పదునైందా లేదా. కాలువ వదిలే తేదీ, కట్టే తేదీ. పంచాయతీ గోడమీద ఇవి రాయాలి, చదువు రానివాళ్ల కోసం గ్రామసభలో చదవాలి. 2019 సెప్టెంబరులో లాగా కుందూ పొంగినప్పుడు క్యూసెక్కులు చెబితే చాలదు, ఏ వీధికి ఎప్పుడు నీళ్లొస్తాయో దండోరా వేయాలి. రబీకి ముందు గ్రామసభల్లో వ్యవసాయ కార్మిక సంఘాల కార్యకర్తలు ఈ బోర్డు కోసం పట్టుబట్టాలి, అందులో కూలి దినాల గడి కూడా గీయించాలి.