నరం దొరకని వేళ

గోదావరికి వరదొస్తే పి.గన్నవరం మండలంలో బూరుగులంక, ఉడుమూడిలంక వాళ్లకు పడవే దారి. వాంతులు, విరేచనాలు ముసురుకునేదీ ఆ రోజుల్లోనే. చాలామంది పిల్లలు ఓఆర్ఎస్ నీళ్లతోనే తేరుకుంటారు. కానీ ఏడాది నిండని బిడ్డ రాత్రంతా నీళ్లలా పోతూ, తెల్లారాక రేవు దాటి ఆసుపత్రికి చేరేసరికి ఒక్కోసారి కళ్లు లోతుకుపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి ఉంటాయి. వెంటనే సెలైన్ ఎక్కించాలి. సిస్టర్ చేతుల మీద వెతుకుతుంది, పాదాల మీద వెతుకుతుంది, చివరికి నెత్తిమీదా వెతుకుతుంది. ఒంట్లో నీరు ఇంకిపోతే ఆ సన్నటి నరాలు ముడుచుకుపోతాయి. ఎవరికి అత్యవసరమో వాళ్లకే నరం దొరకదు.

అప్పుడు ఎముక ఆదుకుంటుంది. మోకాలి చిప్పకు కాస్త కింద, కాలి లోపలివైపు ఎముక చర్మానికి దగ్గరగా, చదునుగా ఉంటుంది. అక్కడ గట్టి సూది దింపితే మూలుగ అందుతుంది. మూలుగలోని రక్తనాళాలకు చుట్టూ ఎముకే గోడ కాబట్టి, షాక్‌లో కూడా అవి మూసుకుపోవు. అక్కడ ఎక్కించిన సెలైన్, రక్తం, అడ్రినలిన్ క్షణాల్లో గుండెకు చేరతాయి. అలవాటైన చేతికి ఇది నిమిషం పని. డాక్టర్లు దీన్ని ఇంట్రాఆసియస్ అంటారు.

ఇదేమీ నిన్నటి సంగతి కాదు. మూలుగలోని రక్తప్రసరణను అమెరికాలో సెసిల్ డ్రింకర్ 1922లోనే పరిశీలించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకు ఈ దారినే సెలైన్ ఎక్కించారు. తర్వాత ప్లాస్టిక్ కాన్యులాలు వచ్చి దీన్ని మరిపించాయి. మళ్లీ గుర్తుచేసింది మన దేశమే. కలరా రోజుల్లో ఇక్కడి వైద్యులు ఎముక ద్వారా ప్రాణాలు నిలపడం చూసిన జేమ్స్ ఆర్లోస్కీ అనే అమెరికా పిల్లల వైద్యుడు 1984లో దాని గురించి రాశాడు. ఆ తర్వాతే అది ప్రపంచమంతటా పిల్లల అత్యవసర వైద్యంలో పాఠమైంది. మన వార్డుల నుంచి వెళ్లిన విద్య మన లంకల పిల్లలకు అందకపోతే మనసుకు కష్టంగా ఉంటుంది.

బిడ్డ ఎముకకు సూది గుచ్చుతామంటే ఏ తల్లి గుండె తట్టుకుంటుంది? ఎముక విరుగుతుందేమో, కాలు ఎదగదేమో అని భయం. సరైన చోట, సరైన పద్ధతిలో వేస్తే ఎదుగుదల దెబ్బతినదని పరిశీలనల్లో తేలింది. స్పృహలో ఉన్నవాళ్లకు మందు ఎక్కేటప్పుడు నొప్పి ఉంటుంది, దానికి మత్తుమందు ఇవ్వవచ్చు. ఈ నాలుగు మాటలూ ఆ తల్లి పక్కన నిలబడి నెమ్మదిగా చెప్పడం కూడా వైద్యమే. ఇన్‌ఫెక్షన్ అరుదు, అయినా ఉంటుంది. విరిగిన ఎముకకు వేయకూడదు. సూదిని ఒక రోజుకు మించి ఉంచకూడదు, ఆలోగా నరం చూసుకోవాలి.

నరం దొరికితే నరమే మేలు. ఆసుపత్రి బయట గుండె ఆగిన పెద్దవాళ్ల మీద బ్రిటన్, డెన్మార్క్‌లలో జరిగిన అధ్యయనాలు 2024లో వెలువడ్డాయి. మొదటే ఎముక దారి పట్టినంత మాత్రాన ఎక్కువమంది బతకలేదని అవి చెప్పాయి. కాబట్టి దీన్ని అందరికీ వాడమని ఎవరూ అడగరు. రెండు మూడు ప్రయత్నాలకూ నరం అందని బిడ్డ విషయంలో మాత్రం అరగంట వెతుకులాట క్షమించరానిది.

ఎముకలోకి సూది దింపే బ్యాటరీ డ్రిల్లు ఖరీదైనదే. చేత్తో దింపే సూది అంత ఖరీదు కాదు, పసిపిల్లల ఎముక మెత్తన గనుక అదే చాలు. లంకలకు దగ్గరున్న ప్రతి పీహెచ్‌సీలో, 2005 నుంచి మన రోడ్ల మీద తిరుగుతున్న 108 వాహనాల్లో ఆ సూది ఉండాలి. అంతకంటే ముఖ్యంగా, దాన్ని వాడటం వచ్చిన చెయ్యి ఉండాలి. ఈ సాధనకు కోడికాలి ఎముక సరిపోతుంది. ఎముక గోడ దాటి సూది లోపలికి జారే ఆ ‘టక్’మనే పట్టు చేతికి తెలిసేదాకా గుచ్చి చూడాలి. కాకినాడ, రాజమహేంద్రవరం, అమలాపురం బోధనాసుపత్రుల పిల్లల విభాగాలు వానలకు ముందే పీహెచ్‌సీ డాక్టర్లను, సిస్టర్లను పిలిచి ఒక పూట నేర్పితే, జులైలో గోదావరికి మొదటి ఎర్రనీరు వచ్చేనాటికి వాళ్లు సిద్ధంగా ఉంటారు.