యాభై ఎనిమిది తరువాత రెండేళ్లు

గత నెలలో బనగానపల్లె దాపులోని ఒక సిమెంటు కర్మాగారంలో పనిచేసే పాత పరిచయస్థుడొకరు మోకాళ్ల నొప్పితో మా ఇంటికి వచ్చారు. వయసు 57. పదిహేనేళ్లుగా చక్కెర వ్యాధి, పైగా బీడీ. మందుల మాట ముగిశాక అసలు సంగతి బయటపెట్టారు. "కంపెనీ అరవై దాకా ఉండమంటాంది సార్. పెన్షను రెండేళ్లు ఆపుకుంటే ఎక్కువొస్తాదంట. ఆపుకోమంటారా?"

ఇది వైద్యుణ్ణి అడగదగిన ప్రశ్నే. ఎందుకో చూడండి.

ప్రావిడెంటు ఫండుతో ముడిపడిన 1995 నాటి ఉద్యోగుల పెన్షను పథకంలో, కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58వ ఏట పెన్షను మొదలవుతుంది. 60 వరకు వాయిదా వేసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున పెంచి ఇస్తారు. వినడానికి బాగుంది. ఇక లెక్క వేయండి. లెక్కకు వచ్చే జీతం 15,000 రూపాయలు, సర్వీసు 30 ఏళ్లు అనుకుందాం. రెంటినీ గుణించి 70తో భాగిస్తే నెలకు 6,428 రూపాయలు. రెండేళ్లు ఆగితే పెరిగేది 514. ఆగినందుకు వదులుకున్నది 1,54,272. అది తిరిగి రావడానికి 300 నెలలు పడుతుంది. అంటే 25 ఏళ్లు! అప్పటికి మీకు 85. పెన్షను ఎక్కువైనా తక్కువైనా ఈ పాతికేళ్లు మారవు. మన దేశంలో అరవై చేరినవారు సగటున జీవించేది మరో 17, 18 ఏళ్లు.

వాయిదా కాలంలో చందా కూడా కొనసాగితే సర్వీసు 32 ఏళ్లవుతుంది, పెన్షను 7,400 దాటుతుంది. అప్పుడు పోయినది 13 ఏళ్లలో తిరిగి వస్తుంది. ఇది ఆలోచించదగినదే. మీ తరువాత జీవిత భాగస్వామికి వచ్చే సగం పెన్షనూ ఆ మేరకు పెరుగుతుంది.

అయితే చాలామందికి తెలియని మూడవ దారి ఒకటుంది. 58 నిండగానే పెన్షను తీసుకుంటూనే ఉద్యోగంలో కొనసాగవచ్చు. అప్పుడు యజమాని పెన్షను నిధికి కట్టే 8.33 శాతం, అంటే నెలకు 1,250 రూపాయలు, మీ పీఎఫ్ ఖాతాలోనే చేరుతుంది. దానిని కూడా లెక్కలోకి తీసుకుంటే పై 13 ఏళ్లు కాస్తా 16కు దగ్గరవుతాయి.

2022 జనవరిలో మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 62కు పెరిగింది. అక్కడి ప్రోత్సాహకం పూర్తి జీతం; దానితో ఈ 4 శాతాన్ని పోల్చకండి. ఇక మన చుట్టుపక్కల నాపరాళ్ల పాలిషింగు యూనిట్లలో ఇరవై మంది కూడా లేని చోట పీఎఫ్ చట్టమే వర్తించదు. అక్కడి కూలీకి వాయిదా వేసుకోవడానికి పెన్షనే ఉండదు, మోకాళ్లు మొరాయించేదాకా పనిచేయడమే. ఈ చర్చలో ఎవరూ తలచుకోనిది ఆయననే.

వాయిదా పెంపు ఒక రకంగా దీర్ఘాయువు మీద కట్టే పందెం. రక్తపోటు అదుపులో ఉండి, మూత్రపిండాలు బాగుండి, తల్లిదండ్రులు ఎనభై దాటి బతికినవారు కట్టవచ్చు. మా పరిచయస్థునికి మాత్రం 58 నిండిన నెలలోనే పెన్షను దరఖాస్తు పెట్టమన్నాను. ఉద్యోగం చేయదలచుకుంటే చేయమన్నాను, కాని రాత్రి షిఫ్టు మాన్పించుకోమన్నాను. బీడీ సంగతి ఎత్తేసరికి ఆయన చెప్పులు వేసుకున్నారు.